ఆంబ్రోస్ బర్న్‌సైడ్ జీవితాన్ని తెలుగులో రాయడం ఎలా

విజయనగరంలో మేము అయిదారుగురం ఆదివారం పూట ఒకచోట కూర్చొని, తెలుగులో చెప్పుకోదగ్గ వ్యాసం లేని విదేశీయుల జీవిత చరిత్రలు రాసే అలవాటు కొంతకాలంగా పెట్టుకున్నాం. మాలో డిగ్రీ చదువుతున్న పిల్లలు ఉన్నారు, చరిత్ర పాఠాలు చెప్పి విరమించిన మాస్టారొకరు ఉన్నారు, ప్రత్యేకమైన అర్హత ఏదీ లేకపోయినా చదువు మీద ఇష్టంతో వచ్చే నాలాంటివాళ్ళూ ఉన్నారు. మమ్మల్ని అందరికంటే ఎక్కువ తిప్పలు పెట్టినవారు పందొమ్మిదో శతాబ్దపు అమెరికన్లు. అక్కడ ఆ రోజుల్లో ఒకే మనిషి కొన్నాళ్ళు సైన్యంలో ఉండి, కొన్నాళ్ళు వ్యాపారం చేసి, ఆ తర్వాత గవర్నరో సెనేటరో కావడం సాధారణమైన విషయం. అటువంటి జీవితాన్ని తెలుగులో ఎలా రాయాలో, ఎక్కడెక్కడ కాలు జారుతుందో చెప్పడానికి 1861 నుంచి 1865 దాకా సాగిన అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది సేనానిగా, ఆ తర్వాత గవర్నరుగా, సెనేటరుగా ఉన్న ఆంబ్రోస్ బర్న్‌సైడ్ మీద మేము రాసిన వ్యాసాన్నే ఉదాహరణగా తీసుకుంటాను. ఆయన 1824 మే 23న ఇండియానా రాష్ట్రంలోని లిబర్టీ అనే చిన్న ఊళ్ళో పుట్టి, 1881 సెప్టెంబరు 13న రోడ్ ఐలాండ్ రాష్ట్రంలోని బ్రిస్టల్‌లో మరణించాడు.

ఇలాంటి వ్యాసాల్లో మామూలుగా జరిగే లోపాన్ని ముందే చెప్పేస్తాను. వ్యాసంలో ముప్పాతిక భాగం యుద్ధమే ఉంటుంది, పదవుల జాబితా ఒక పేరాలో ముగుస్తుంది, వ్యాపారానికి ఒక వాక్యం దక్కితే గొప్ప. ఫలితంగా పాఠకుడికి ఒక సేనాపతి కనిపిస్తాడు, ఒక గవర్నరు కనిపిస్తాడు, కానీ ఇద్దరూ ఒకే మనిషి ఎలా అయ్యారో అర్థం కాదు. బర్న్‌సైడ్ విషయంలో ఆ రెండింటినీ కలిపే ముడి వ్యాపారమే. దాన్ని విప్పితేనే మిగతాది అర్థమవుతుంది కాబట్టి, పని కూడా అక్కడే మొదలుపెట్టమంటాను.

మొదటి పని ఒక పట్టిక గీయడం. రూళ్ళ నోటుపుస్తకంలో మూడు గడులు గీసి, మొదటి గడిలో సంవత్సరం, రెండో గడిలో ఆయన చేసిన పని, మూడో గడిలో ఆ సంవత్సరం ఆయనకు డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది అన్నది రాయాలి. ఈ మూడో గడి మా మాస్టారి ఆలోచన. మొదట్లో అది వృథా ప్రయాస అనిపించింది కానీ, పట్టిక సగం నిండేసరికి వ్యాసమంతా అందులోనే ఉందని తెలిసింది.

మేము నింపిన గడులు ఇలా నడిచాయి. కుర్రవాడుగా ఉన్నప్పుడు ఆయన కుట్టుపని నేర్చుకొని, సొంత ఊళ్ళోనే మరొకరితో కలిసి బట్టలు కుట్టే దుకాణం పెట్టాడు. తండ్రి ఇండియానా శాసనసభలో సభ్యుడు కావడంతో ఆ పలుకుబడి మీద 1843లో వెస్ట్ పాయింట్ సైనిక విద్యాలయంలో చోటు దొరికింది, 1847లో పట్టా పుచ్చుకొని బయటికొచ్చాడు. మెక్సికో యుద్ధానికి పంపేసరికి అక్కడ పెద్ద పోరాటాలు ముగిసిపోయాయి. 1849లో న్యూ మెక్సికోలో అపాచీలతో జరిగిన ఘర్షణలో మెడకు బాణం తగిలింది. 1852లో ప్రావిడెన్స్ నగరానికి చెందిన మేరీ బిషప్‌ను పెళ్ళి చేసుకున్నాడు. ఇంతవరకూ మూడో గడిలో మొదట దుకాణం రాబడి, ఆ తర్వాత ప్రభుత్వ జీతం కనిపిస్తాయి. 1853లో ఆ గడి మారిపోయింది. ఆయన సైన్యానికి రాజీనామా ఇచ్చి, బ్రిస్టల్‌లో తుపాకుల కర్మాగారం పెట్టాడు.

ఇక్కడ ఆగి, ఆ తుపాకీ ఏమిటో తెలుసుకొని రాయాలి. అశ్వికుడు గుర్రం మీద కూర్చొని పొడుగాటి తుపాకీ గొట్టంలోకి పైనుంచి మందు, గుండు దట్టించడం ఎంత కష్టమో ఊహించవచ్చు. బర్న్‌సైడ్ రూపొందించిన కార్బైన్ పొట్టిది, వెనుక భాగం తెరుచుకునేది, అందులో శంఖు ఆకారంలో ఉన్న ఇత్తడి తూటాను పెట్టి మూసేస్తే సరిపోయేది. అప్పటి వెనుక దట్టింపు తుపాకులకున్న పెద్ద జబ్బు, పేల్చినప్పుడు వేడి వాయువు అతుకులోంచి వెనక్కి చిమ్మడం. ఈ ఇత్తడి తూటా ఆ సందును మూసేసేది. 1856లో ఆయన దానికి పేటెంటు పొందాడు. సైన్యం పెద్ద ఎత్తున కొంటుందన్న ఆశ మీద పెట్టుబడి పెట్టాడు గాని, ఆ కొనుగోలు చేతికందలేదు. 1858లో డెమోక్రాటిక్ పార్టీ తరఫున ప్రతినిధుల సభకు పోటీచేసి ఘోరంగా ఓడిపోయాడు. అప్పుల వాళ్ళకు పేటెంటు హక్కులు అప్పగించి, ఉద్యోగం వెతుక్కుంటూ పడమటికి వెళ్ళవలసి వచ్చింది.

ఆ ఉద్యోగం ఇచ్చిన సంస్థ ఇల్లినాయ్ సెంట్రల్ రైల్వే. ఇప్పించిన మనిషి జార్జ్ మెక్లెల్లన్, అప్పుడు ఆ రైల్వేలో పెద్ద అధికారి, వెస్ట్ పాయింట్ నాటి స్నేహితుడు. బర్న్‌సైడ్ అందులో కోశాధికారి దాకా ఎదిగాడు. మా పట్టికలో ఈ వరుస పక్కన మా పిల్లవాడొకడు ఎర్ర సిరాతో నక్షత్రం గుర్తు వేశాడు, ఆ గుర్తు వ్యర్థం కాలేదు. ఎందుకంటే నాలుగేళ్ళ తర్వాత అంతర్యుద్ధంలో అదే మెక్లెల్లన్ ఉత్తరాది సేనలకు అధిపతిగా, బర్న్‌సైడ్ ఆయన కింద సేనానిగా ఉంటారు. ఆ తర్వాత ఆ స్నేహితుడిని తొలగించి ఆ చోట బర్న్‌సైడ్‌నే కూర్చోబెడతారు. కష్టకాలంలో అన్నం పెట్టిన మనిషి పదవిని తీసుకోమంటే ఆయన రెండుసార్లు కాదన్నాడు. చాలా పుస్తకాలు దీన్ని వినయం అని ఒక్క ముక్కలో తేల్చేస్తాయి. తనకు అంత పెద్ద సైన్యాన్ని నడిపే శక్తి లేదని ఆయన అన్న మాట నిజమే, అయితే రైల్వే ఉద్యోగం సంగతి తెలిసినవాడికి ఆ నిరాకరణలో మరో పొర కూడా కనిపిస్తుంది. మూడోసారి, 1862 నవంబరులో, తను కాదంటే ఆ పదవి తనకు గిట్టని జోసెఫ్ హుకర్‌కు పోతుందని తెలిశాక ఒప్పుకున్నాడు.

పట్టిక అయ్యాక రెండో పని మాటలు స్థిరపరచుకోవడం. వ్యాసం మొదలుపెట్టకముందే చేయవలసిన పని ఇది, లేకపోతే సగం దారిలో ఒకే పదవికి మూడు పేర్లు తేలతాయి. అన్నిటికంటే ముందు ‘గవర్నరు’ సంగతి చూడండి. మన పాఠకుడికి గవర్నరు అంటే రాష్ట్రపతి నియమించిన వ్యక్తి, 2025 దాకా రాజ్‌భవన్ అనిపించుకున్న భవనంలో ఉండే పెద్దమనిషి. అమెరికాలో గవర్నరును ప్రజలే ఎన్నుకుంటారు, రాష్ట్ర పరిపాలన ఆయనదే, అంటే పనిలో మన ముఖ్యమంత్రికి దగ్గర. ‘గవర్నరు’ అన్న మాటనే ఉంచి, మొదటిసారి వచ్చినప్పుడు ఈ తేడాను ఒక వాక్యంలో చెప్పండి. బర్న్‌సైడ్ 1866 నుంచి 1869 వరకు మూడుసార్లు రోడ్ ఐలాండ్ గవర్నరుగా ఉన్నాడు అనగానే మనవాడు మూడు అయిదులు పదిహేను అని లెక్క వేసుకుంటాడు. అక్కడ అప్పట్లో ఒక్కో పదవీకాలం ఏడాదే అన్నది తప్పక చెప్పాలి. రోడ్ ఐలాండ్ ఎంత చిన్నదో కూడా ఒక మాట అంటే మంచిది. 2022లో విడగొట్టిన తర్వాత మిగిలిన మన విజయనగరం జిల్లా కంటే కూడా ఆ రాష్ట్రం చిన్నది. అంత చిన్న చోట తుపాకుల కర్మాగారం పెట్టి చేతులు కాల్చుకున్న మనిషి పేరు ఊరూరా తెలియకుండా ఉండదు.

‘సెనేటరు’ విషయంలో మనకు అనుకోని వెసులుబాటు ఉంది. 1913లో పదిహేడో రాజ్యాంగ సవరణ వచ్చేదాకా అమెరికా సెనేటర్లను ప్రజలు నేరుగా ఎన్నుకోలేదు, రాష్ట్ర శాసనసభలు ఎన్నుకునేవి. మన శాసనసభ్యులు రాజ్యసభకు సభ్యులను పంపినట్టే అని ఒక్క మాట చెబితే మన పాఠకుడు వెంటనే పట్టుకుంటాడు, నేటి అమెరికన్ పాఠకుడికైతే ఇది విడమరచి చెప్పాలి. ‘కాంగ్రెస్’ మాత్రం ప్రమాదకరమైన మాట. ‘1858లో కాంగ్రెస్‌కు పోటీచేశాడు’ అని రాస్తే శ్రీకాకుళంలో చదివే పెద్దలు పార్టీ అనుకుంటారు, అందులో వారి తప్పేమీ లేదు. ‘ప్రతినిధుల సభ’ అని, రెండు సభలనూ కలిపి చెప్పవలసినప్పుడు ‘అమెరికా చట్టసభ’ అని రాయండి. పార్టీల పేర్లు కూడా అంతే. 1858లో డెమోక్రాట్‌గా ఓడిన బర్న్‌సైడ్ 1866లో రిపబ్లికన్‌గా గెలిచాడు. ఆనాటి ఆ పార్టీల స్వభావం నేటి వాటితో పోల్చదగింది కాదు, కాబట్టి నేటి వార్తలు చూసి వచ్చిన అభిప్రాయాన్ని అందులోకి చొప్పించకూడదు.

పేర్ల ఉచ్చారణకు వేరే కాగితం పెట్టుకోండి. ఇల్లినాయ్ పేరును ఆంగ్లంలో రాసినప్పుడు చివర వచ్చే ‘s’ పలకదు. యాంటీటమ్, రాపహానక్ వంటి పేర్లు మూలవాసుల భాషల నుంచి వచ్చినవి. ఒకసారి ఒక రూపం నిర్ణయించుకున్నాక మార్చకూడదు. డాలర్లను రూపాయల్లోకి మార్చే సరదా కూడా వదులుకోవాలి, ఆ లెక్కకు ఆ కాలపు అర్థం ఉండదు.

సర్వనామం గురించి కొంచెం ఎక్కువే చెబుతాను, ఎందుకంటే తెలుగులో ‘ఆయన’, ‘అతను’, ‘వాడు’ అన్న ఎంపికలోనే తీర్పు దాగి ఉంటుంది. మా మొదటి ప్రతిలో గవర్నరు అయ్యేచోట ‘ఆయన’ అని, ఫ్రెడరిక్స్‌బర్గ్‌లో ఓడిపోయేచోట ‘అతను’ అని వచ్చింది. రాసినవాడు కావాలని చేసింది కాదు, కలం దానంతటదే దిగజారింది. మాస్టారు ఎత్తి చూపించాక మొదటి నుంచి చివరిదాకా ‘ఆయన’ అనే ఉంచాం. లింకన్‌కు ఎంత మర్యాదో, ఎదుటిపక్షమైన దక్షిణాది సేనానులు లీకి, లాంగ్‌స్ట్రీట్‌కి కూడా అంతే మర్యాద. క్రియల్లో మాత్రం ‘వెళ్ళాడు’, ‘అన్నాడు’ అనే రాశాం. ప్రతిచోటా ‘వెళ్ళారు’ అంటే చరిత్ర వ్యాసం సన్మాన పత్రంలా తయారవుతుంది.

మూడో పని యుద్ధం రాయడం. ఇందులో మన ప్రాంతం వాళ్ళకు పుట్టుకతోనే వచ్చిన జాగ్రత్త ఒకటి ఉంది. 1757 జనవరి 24న జరిగిన బొబ్బిలి యుద్ధాన్ని బొబ్బిలివారు చెప్పే తీరు ఒకటి, విజయనగరంవారు చెప్పే తీరు మరొకటి. బుర్రకథ విని కన్నీళ్ళు పెట్టుకున్న మనిషే ఇంటికెళ్ళాక ‘అయినా పెదవిజయరామరాజు గారి వైపు కూడా వినాలి కదా’ అంటాడు. అమెరికా అంతర్యుద్ధాన్ని కూడా అదే చెవితో వినాలి. ఉత్తరాది సేనానులు తర్వాత రాసుకున్న జ్ఞాపకాల్లో తప్పు పక్కవాడి మీదికి నెట్టని పుస్తకం అరుదు, దక్షిణాది రచనల్లో ఓటమికి కూడా ఒక వెలుగు పూసి ఉంటుంది. అయితే రెండు వైపులా వినడం అంటే బానిసత్వం విషయంలో కూడా మధ్యేమార్గం పట్టడం కాదు. దక్షిణాది రాష్ట్రాలు విడిపోయింది బానిస వ్యవస్థను కాపాడుకోవడానికి, దాన్ని సూటిగానే రాయాలి.

అన్ని యుద్ధాలూ ఒకే పొడవున రాయడం మరో పొరపాటు. 1861 జులైలో బుల్ రన్‌లో బర్న్‌సైడ్ ఒక బ్రిగేడ్‌ను నడిపాడు, 1862 ఫిబ్రవరి, మార్చి నెలల్లో నార్త్ కరోలినా తీరంలోని రోనోక్ దీవిని, న్యూ బర్న్ పట్టణాన్ని పట్టుకొని ఉత్తరాదికి తొలి విజయాల్లో కొన్ని సంపాదించాడు. వీటికి నాలుగేసి వాక్యాలు చాలు. కానీ వదిలేయకూడదు, ఎందుకంటే వీటి వల్లే ఆయన మేజర్ జనరల్ అయ్యాడు, వీటి వల్లే లింకన్ దృష్టి ఆయన మీద పడింది. ఇవి లేకుండా రాస్తే, చేతకాని మనిషికి లక్షమంది సైన్యాన్ని ఎందుకు అప్పగించారన్న ప్రశ్న పాఠకుడికి మిగిలిపోతుంది.

1862 సెప్టెంబరు 17న మేరీలాండ్‌లో యాంటీటమ్ వాగు దగ్గర జరిగిన యుద్ధానికి ఒక బొమ్మ గీసుకోవాలి. సన్నటి రాతి వంతెన, అవతల ఒడ్డున గుట్ట, గుట్ట మీద చెట్ల చాటున సుమారు 500 మంది జార్జియా సైనికులు. ఇవతల బర్న్‌సైడ్ కింద ఉన్న తొమ్మిదో కోర్, అంటే కొన్ని డివిజన్లు కలిసిన పెద్ద సేనావిభాగం. వంతెన ఇరుకు కావడంతో ఎంతమంది ఉన్నా ఒక్కసారి దాటగలిగేది కొద్దిమందే. దాన్ని పట్టుకునేసరికి మధ్యాహ్నం ఒంటిగంట దాటింది, దాటినవాళ్ళు మళ్ళీ బారులు తీరేసరికి మరో రెండు గంటలు గడిచాయి, ఆలోగా హార్పర్స్ ఫెర్రీ నుంచి 17 మైళ్ళు నడిచొచ్చిన దక్షిణాది సేనాని ఎ.పి. హిల్ సేన పక్క నుంచి విరుచుకుపడింది. ఆ వంతెనకు ఇప్పటికీ బర్న్‌సైడ్ వంతెన అనే పేరు. ‘వాగు లోతు తక్కువే కదా, దిగి దాటవచ్చు కదా’ అని చాలామంది వెక్కిరింపుగా రాశారు. మీరు ఆ మాట రాసేముందు, ఏటి గట్టు నిటారుగా ఉన్నచోట తడి బట్టలతో, తుపాకీ పైకెత్తి పట్టుకొని, ఎదురుగా కాల్పులు జరుగుతుండగా దిగడం ఎలా ఉంటుందో ఆలోచించండి. నాగావళి ఒడ్డున పెరిగినవాళ్ళకు ఏరు దాటడమంటే ఏమిటో వేరే చెప్పనవసరం లేదు. అయితే ఆలస్యం ఆలస్యమే. మెక్లెల్లన్ తన అధికారాన్ని సగానికి కత్తిరించాడన్న అలకతో బర్న్‌సైడ్ ఆ రోజు ఉత్తర్వులను నేరుగా అమలు చేయకుండా కింది అధికారికి అందిస్తూ కూర్చున్నాడన్న విమర్శకు ఆధారం ఉంది. రైల్వే నాటి స్నేహం చెడింది ఇక్కడే.

ఇప్పుడు నా సొంత తప్పు ఒకటి చెప్పాలి. 1862 డిసెంబరు 13న వర్జీనియాలోని ఫ్రెడరిక్స్‌బర్గ్‌లో రాతిగోడ చాటున ఉన్న దక్షిణాది సేన మీదికి బర్న్‌సైడ్ దండు తర్వాత దండును పంపించాడు, ఒక్కటీ గోడ దాకా చేరలేదు. నేను రాసిన ప్రతిలో ‘12,600 మంది ఉత్తరాది సైనికులు మరణించారు’ అని ఉంది. అది తప్పు. ఆంగ్ల పుస్తకాల్లో ఇచ్చే ఆ అంకెలో చనిపోయినవారు, గాయపడినవారు, గల్లంతైనవారు, పట్టుబడినవారు అందరూ కలిసి ఉంటారు. అక్కడ ప్రాణాలు కోల్పోయినవారు సుమారు 1,300 మంది. మన పత్రికల్లోనూ, వెబ్‌సైట్లలోనూ అమెరికా యుద్ధాల గురించి వచ్చే రాతల్లో ఈ పొరపాటు నాకు పదేపదే కనిపిస్తుంది. ‘నష్టపోయినవారు’ అని మొత్తం ఇచ్చి, వెంటనే ‘అందులో మృతులు’ అని విడిగా చెప్పడం ఒక్కటే మార్గం. ఇదే యుద్ధంలో బర్న్‌సైడ్ పథకం మొదట్లో చెడ్డదేమీ కాదని కూడా రాయాలి. నది దాటడానికి ఆయన అడిగిన పడవల వంతెనలు వాషింగ్టన్ వైపు నుంచి రోజుల తరబడి రాలేదు, ఆ వ్యవధిలో లీ అవతలి గుట్టల మీద స్థిరపడ్డాడు. పడవలు రావడం ఆలస్యం కావడం ఇతరుల తప్పు. పరిస్థితి మారాక కూడా అదే పథకాన్ని పట్టుకు వేలాడడం ఆయన తప్పు. ఓటమి బాధ్యతను ఆయన తన మీదే వేసుకున్నాడు, ఆ సేనానుల్లో అది అరుదైన గుణం. మరుసటి నెలలో మళ్ళీ కదలబోతే వానలకు బండ్లు, ఫిరంగులు బురదలో దిగబడి సైన్యం వెనక్కి వచ్చింది, దాంతో ఆయన పదవి హుకర్‌కు పోయింది.

వివరంగా రాయడానికి మేము ఎంచుకున్నది మాత్రం 1864 జులై 30న వర్జీనియాలోని పీటర్స్‌బర్గ్ దగ్గర జరిగిన సొరంగం సంఘటన. పెన్సిల్వేనియా బొగ్గు గనుల్లో పనిచేసిన సైనికులు ఎక్కువగా ఉన్న ఒక రెజిమెంటు, హెన్రీ ప్లెజంట్స్ అనే ఇంజినీరు నాయకత్వంలో శత్రువు కోట కిందికి 511 అడుగుల సొరంగం తవ్వింది. ఆ దూరం ఎంతో తెలుసుకుందామని మేము పెద్దచెరువు గట్టు మీద అడుగులు కొలిచాం, దాదాపు రెండు వందల అంగలు పట్టాయి. నడిచి చూస్తేనే, వంగి కూర్చొని అంత దూరం మట్టి తవ్వి, ఎవరికంటా పడకుండా బయటికి మోయడం ఏమిటో బోధపడింది. గాలి సంగతి అంతకంటే చిత్రం. సొరంగం మొదట్లో నిలువు గొయ్యి తీసి దాని అడుగున మంట పెట్టారు, సొరంగం మూతిని తలుపుతో మూశారు, బయటి గాలి ఒక చెక్క గొట్టం గుండా కింద పాకి తవ్వేవాళ్ళ దాకా వెళ్ళే ఏర్పాటు చేశారు. మంట వల్ల వేడెక్కిన గాలి గొయ్యిలోంచి పైకి పోతూ లోపలి చెడుగాలిని లాక్కుపోయేది, ఆ ఖాళీలోకి గొట్టంలోంచి మంచిగాలి వచ్చేది. గరివిడి, చీపురుపల్లి వైపు మాంగనీసు గనుల్లో పనిచేసినవాళ్ళు ఎవరైనా మీకు తెలిస్తే, ఈ భాగాన్ని వారికి చూపించి సరిచేయించుకోండి, పుస్తకాల్లో లేని మాటలు వారి నోట దొరుకుతాయి.

సొరంగం చివర సుమారు 8,000 పౌన్ల మందుగుండు పెట్టారు. తెల్లవారుజామున వత్తి అంటిస్తే మధ్యలో ఆరిపోయింది, ఇద్దరు లోపలికి వెళ్ళి అతుకు వేసి మళ్ళీ అంటించి వచ్చారు. 4 గంటల 44 నిమిషాలకు కోట గాలిలోకి లేచి పెద్ద గుంత పడింది. అసలు విషాదం అక్కడి నుంచి మొదలైంది. దాడికి ముందు నడవాలని బర్న్‌సైడ్ నల్లజాతి సైనికుల డివిజన్‌ను ఎంచి, గుంతలో దిగకుండా పక్కల నుంచి సాగాలని శిక్షణ ఇప్పించాడు. పైఅధికారి జార్జ్ మీడ్ ఒక రోజు ముందు ఆ ఏర్పాటును రద్దు చేశాడు, ఉత్తరాది సేనలన్నిటికీ అధిపతి అయిన యులిసిస్ గ్రాంట్ అందుకు ఒప్పుకున్నాడు. అప్పుడు బర్న్‌సైడ్ మిగిలిన ముగ్గురు డివిజన్ అధిపతులకు చీట్లు వేశాడు. ఏ శిక్షణా లేని దళానికి, అందరికంటే అసమర్థుడైన జేమ్స్ లెడ్లీకి చీటీ వచ్చింది, దాడి జరుగుతుండగా ఆయన వెనుక రక్షణ గుహలో తాగుతూ కూర్చున్నాడు. సైనికులు నేరుగా గుంతలోకి దిగి ఇరుక్కుపోయారు. ఆలస్యంగా పంపిన నల్లజాతి సైనికుల్లో ఎంతోమందిని లొంగిపోయాక కూడా దక్షిణాది సైనికులు చంపేశారు. ఆ రోజు ఉత్తరాదికి మొత్తం నష్టం సుమారు 3,800 మంది.

ఈ సంఘటన మీద రెండు విచారణలు జరిగాయి. సైనిక విచారణ తప్పు బర్న్‌సైడ్ మీద పెట్టింది, చట్టసభ సంఘం విచారించి పథకాన్ని చివరి క్షణంలో మార్చిన మీడ్‌ను తప్పుపట్టింది. ఆ సంఘం ముందు గ్రాంట్ కూడా, నల్లజాతి డివిజన్ ముందు నడిచి ఉంటే గెలిచేవారమేమో అన్న అభిప్రాయం చెప్పాడు. రెండు తీర్పులూ వ్యాసంలో ఉండాలి. వాటి తర్వాత మీ అభిప్రాయం చెప్పవచ్చు; నా మట్టుకు, అంత పెద్ద నిర్ణయాన్ని చీటీకి వదిలేసిన తప్పు ఎవరి మీదికీ నెట్టలేనిదని అనిపిస్తుంది. ఇక్కడే ఒక హెచ్చరిక. బర్న్‌సైడ్ సైన్యానికి రాజీనామా ఇచ్చిన తేదీ 1865 ఏప్రిల్ 15, అదే రోజు లింకన్ కన్నుమూశాడు. ఈ రెండింటినీ ఒకే వాక్యంలో పెడితే ఒకదాని వల్ల ఇంకొకటి జరిగినట్టు ధ్వనిస్తుంది, కనుక వేరు వేరుగా రాయండి.

రాజకీయ భాగం త్వరగానే సాగుతుంది, ఒక్కచోట తప్ప. 1863లో ఒహాయో ప్రాంతపు సేనాధిపతిగా ఉన్నప్పుడు ఆయన 38వ నంబరు ఉత్తర్వు జారీచేసి, శత్రువు పట్ల సానుభూతి చూపే మాటలను కూడా నేరంగా ప్రకటించాడు. యుద్ధాన్ని వ్యతిరేకిస్తూ ఉపన్యసించిన క్లెమెంట్ వలాండిగమ్ అనే రాజకీయ నాయకుడిని అర్ధరాత్రి ఇంటి తలుపులు పగలగొట్టి పట్టుకెళ్ళి సైనిక విచారణకు నిలబెట్టారు, లింకన్ చివరికి ఆయనను దక్షిణాది హద్దుల్లోకి పంపించాడు. చికాగో టైమ్స్ పత్రికను బర్న్‌సైడ్ మూయిస్తే లింకన్ ఆ ఉత్తర్వును రద్దుచేశాడు. తర్వాత ఓట్లు అడిగి గవర్నరు అయిన మనిషి కథలో ఈ ఘట్టాన్ని దాటేయడం న్యాయం కాదు. అదే ఏడాది చివర్లో నాక్స్‌విల్ నగరాన్ని లాంగ్‌స్ట్రీట్ నుంచి కాపాడిన సంగతి కూడా ఇక్కడే పెట్టండి, లేకపోతే ఆయన పేరు చెబితే ఓటములే గుర్తుండిపోతాయి.

యుద్ధం తర్వాత మళ్ళీ మూడో గడి వైపు చూడాలి. రైల్వే సంస్థల్లో, రైలింజన్లు తయారుచేసే కర్మాగారంలో పెద్ద పదవులు చేపట్టాడు, పక్కనే మూడేళ్ళు గవర్నరు. 1870లో ఐరోపాలో ఉండగా, జర్మన్ సేనలు ముట్టడించిన పారిస్‌కు, ముట్టడిదారులకు మధ్య రాయబారాలు మోశాడు. 1871లో జాతీయ రైఫిల్ సంఘానికి మొదటి అధ్యక్షుడయ్యాడు, తుపాకుల వ్యాపారంలో దివాలా తీసిన మనిషికి ఆ గౌరవం దక్కడం మా వాళ్ళకు నవ్వు తెప్పించింది. 1875లో సెనేటులో అడుగుపెట్టి, పదవిలో ఉండగానే మరణించాడు. భార్య 1876లోనే పోయింది, పిల్లలు లేరు. ప్రావిడెన్స్‌లోని స్వాన్ పాయింట్ శ్మశానవాటికలో ఆయన సమాధి ఉంది.

మీసాల సంగతి ఎక్కడ పెట్టాలన్నది మా మధ్య పెద్ద తగవు. చుబుకం నున్నగా గీయించుకొని, చెంపల మీది జుట్టును మీసంతో కలిపి పెంచిన ఆయన ముఖం వల్లే ఆంగ్లంలో ‘బర్న్‌సైడ్స్’ అన్న మాట పుట్టి, అది తిరగబడి ‘సైడ్‌బర్న్స్’ అయింది. మన క్షౌరశాలల్లో ‘సైడ్ లాకులు’ అనే వాటికి ఆ భాషలో అదే పేరు. పిల్లలు దాంతోనే మొదలుపెడదామన్నారు. నేను వద్దన్నాను, ఎందుకంటే అది మొదట వస్తే తర్వాత ఫ్రెడరిక్స్‌బర్గ్ దగ్గర కూడా పాఠకుడికి ఆ చెంపలే కనిపిస్తాయి. చివరికి ఫోటో కింద రెండు వాక్యాల్లో పెట్టాం.

ఆఖరి పని, అచ్చుకు ఇచ్చేముందు అమెరికా చరిత్రతో ఏ పరిచయమూ లేని ఒకరికి గట్టిగా చదివి వినిపించడం. మేము మా వీధిలో బట్టలు కుట్టే ఒక పెద్దాయన దగ్గర కూర్చొని చదివాం, కథానాయకుడు కూడా ఆ పని తెలిసినవాడే కాబట్టి. ఆయన మిషను తొక్కడం ఆపకుండానే అంతా విని, చివర్లో ఒక్కటే అడిగాడు: ‘బాబూ, యుద్ధం వచ్చాక ఆ తుపాకులు అమ్ముడుపోయే ఉంటాయి కదా, ఆ డబ్బు ఎవరికి ముట్టింది?’ మేము ముఖముఖాలు చూసుకున్నాం. అంతర్యుద్ధంలో ఉత్తరాది ప్రభుత్వం యాభై వేలకు పైగా బర్న్‌సైడ్ కార్బైన్లు కొన్నదన్న సంగతి మా నోటుపుస్తకంలో ఉంది, వ్యాసంలో లేదు. ఆ రాత్రే కూర్చొని, పేటెంటు అప్పటికే చేతులు మారినందువల్ల ఆ తుపాకుల అమ్మకం లాభమంతా కొత్త యజమానులకే పోయిందని, పేరు మాత్రం బర్న్‌సైడ్‌దే మిగిలిందని ఒక వాక్యం చేర్చాం.